నల్లమట్టిలో ఎర్రముద్ద

మా పెరట్లో ఒక కొత్తపల్లి కొబ్బరి మామిడి మొక్క ఉంది. ఈ ఏడాదికి నా భుజం దాకా వచ్చింది. ఇంటికొచ్చినవాళ్ళు చూసి, ఇంత స్థలంలో ఒక్కటే పెట్టారేంటని అడుగుతారు. నిజానికి నాలుగు పెట్టాం. మూడు పోయాయి. అవి పోయిన ఆ నాలుగు నెలల సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే కాబట్టి ఎత్తకుండా ఉండటం తేలికే.

మా ఆయన ఇరిగేషన్‌లో లస్కరుగా చేసి రిటైరయ్యారు. కాలువ మీద లాకుల దగ్గరా తూముల దగ్గరా ఉండి, తలుపులు ఎత్తి దించి, ఏ పొలానికి ఎప్పుడు ఎన్ని నీళ్ళు వెళ్ళాలో అప్పుడు అన్ని వదిలే ఉద్యోగం అది. చుట్టుపక్కల ఊళ్ళ రైతులందరూ నీళ్ళకోసం ఆయన ముందు నిలబడ్డవాళ్ళే. అంతమంది పొలాలు తడిపిన మనిషికి సొంతంగా సెంటు భూమి లేదు. రిటైరయ్యాక ఇంటి వెనక ఎనిమిది సెంట్లు కొన్నారు. కొన్న రోజున చెప్పుల్లేకుండా ఆ నేల నాలుగు మూలలా నడిచి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే భోజనానికి కూర్చున్నారు. మామూలుగా అయితే ఊరుకునేదాన్ని కాదు.

నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఆయనకన్నా ఏడేళ్ళు చిన్న కాబట్టి ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను. ఊరంతా నన్ను టీచరుగారంటారు. మా ఆయన 'గారు' తీసేసి ఉత్త 'టీచరూ' అంటారు. అందులో ముద్దెంతో, వెటకారమెంతో ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు.

సంక్రాంతి సెలవులు అయిపోగానే కడియం వైపు నర్సరీకి వెళ్ళి నాలుగు అంటుమొక్కలు తెచ్చుకున్నాం. నర్సరీ మొక్కంటే మా వైపు ఒక పద్ధతి ఉంది. కవరులో ఉన్న మట్టిముద్దని చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంటాం. ముద్ద చెదిరితే మొక్క పోయినట్టే అని పుట్టినప్పటినుంచీ వింటాం. ఆటోలో నాలుగింట్లో రెండు నా ఒళ్ళో, రెండు ఆయన ఒళ్ళో పెట్టుకుని, గోతులొచ్చినప్పుడల్లా డ్రైవర్ని తిట్టుకుంటూ వచ్చాం. ఇంటికొచ్చాక బ్లేడుతో కవరు కోస్తే, లోపల ఎర్రమట్టీ కొబ్బరి పొట్టూ కలిపిన ముద్ద. అడుగున వేళ్ళు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. మా ఆయన ఆ చుట్టని వేలితో కొంచెం కదిపి, "దీన్ని కాస్త విప్పి పెడితే బాగుంటుందేమో టీచరూ" అన్నారు. నేను ఒంటికాలి మీద లేచాను. సైన్సు చెప్పేది మీరా నేనా అన్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. నాలుగు ముద్దల్నీ గీత పడకుండా నల్లమట్టిలో దింపి, చుట్టూ కప్పి, కాలితో తొక్కాం. మొదలు కుళ్ళకూడదని ముద్దని నేలకన్నా కొంచెం ఎత్తుగా ఉంచమన్నది కూడా నేనే.

నీళ్ళ విషయం మాత్రం ఆయనకే వదిలేశాను. ఆయన ఊరుకుంటారా? బోరు దగ్గరనుంచి పిల్లకాలువలా చిన్న బోదె తవ్వారు. నాలుగు మొక్కల చుట్టూ గట్టు వేసి పాదులు కట్టారు. ఒక్కో పాదు ముందు ఒక ఇటుక, అదే తలుపు. పొద్దున్న నేను బడికి వెళ్ళాక మోటారు వేసి, ఇటుక తీసి మొదటిదానికి, మళ్ళీ మూసి రెండోదానికి, అలా నాలుగింటికీ వంతులవారీగా నీళ్ళు పెట్టేవారు. ఎవరైనా చూస్తే నవ్విపోతారని నేనంటే, "చివరి భూమికి నీళ్ళందకపోతే గొడవలైపోతాయి టీచరూ" అనేవారు. ఆ జనవరి అంతా మా ఆయన ముఖం వెలిగిపోతూ ఉండేది.

ఫిబ్రవరిలో మొదటి మొక్క ఆకులు వేలాడేసింది. వారం తిరిగేసరికి ఎండిపోయింది. నేను బడినుంచి వచ్చేసరికే పీకి పారేశారు. ఏమైందంటే, పురుగు పట్టిందన్నారు. మార్చి మొదట్లో రెండోది. అదీ పీకేశారు. ఈసారి ఏమైందని అడిగితే పార కడగడానికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత గోడమీది క్యాలెండర్‌లో ప్రతి తేదీ పక్కనా పెన్సిల్‌తో టిక్కులు కనిపించాయి. నీళ్ళు పెట్టిన గుర్తట. బాగానే ఉందనుకున్నాను. కొన్నాళ్ళకి, నేను వచ్చి చెప్పులు విడుస్తుండగానే "ఇవాళ మొక్కలకి నీళ్ళు పెట్టానా?" అని అడగడం మొదలుపెట్టారు. టిక్కు ఉందిగా అంటే, ఉంది అంటారు. మరి ఇంకేంటి అంటే మళ్ళీ క్యాలెండర్ దగ్గరికి వెళ్తారు. నేను పెరట్లోకి వెళ్ళి చూసేదాన్ని. పాదులో తడి ఉండేది. అయితే మా నేలలో తడి ఉండటం దేనికీ సాక్ష్యం కాదు. గట్టు అవతలే దాళ్వా, అంటే రెండో పంట వరిచేను. నిండా నీళ్ళు. మా పెరట్లో ఎక్కడ జానెడు తవ్వినా మట్టి చేతికి అంటుకుంటుంది.

మూడోది వాలిపోతున్న రోజుల్లో, ఒక సాయంత్రం నేను పేపర్లు దిద్దుతుంటే ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"టీచరూ, నేను నీళ్ళు పెట్టట్లేదు."

అర్థం కాలేదన్నాను. అప్పుడు నిదానంగా చెప్పారు. మొదటి మొక్క పీకినప్పుడు దాని ముద్ద విరిచి చూశారట. లోపల పొడి. దుమ్ములా రాలిందట. రెండోదీ అంతే. అందుకే క్యాలెండర్ మీద గుర్తులు పెట్టుకోవడం మొదలుపెట్టారట. గుర్తులు రోజూ ఉన్నాయి. ఇవాళ మూడోదాని మొదట్లో వేలు పెట్టి చూస్తే అదీ పొడే.

"పెడుతున్నాననుకుంటున్నాను. పెట్టకుండానే టిక్కు కొడుతున్నాను. అన్నయ్యకీ ఇలాగే మొదలైంది" అన్నారు.

ఆయన అన్నయ్య, అంటే మా బావగారు, చివరి నాలుగేళ్ళు మా కళ్ళముందే ఒక్కొక్కటీ మర్చిపోయారు. భోజనం చేసి చెయ్యి కడుక్కుని వచ్చి, ఈ ఇంట్లో నాకు అన్నం పెట్టరా అనేవారు. ఆఖర్న మా ఆయన్ని చూసి, మీరు ఏ సెక్షన్ లస్కరండి అని మర్యాదగా అడిగేవారు. ఆ మాట విన్న రోజున మా ఆయన లాకుల దగ్గరికి వెళ్ళి పొద్దుపోయేదాకా ఇంటికి రాలేదు.

అలా ఏమీ కాదన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా అనిపించలేదు. ఎందుకంటే అప్పటికే నా బుర్రలో లెక్కలు మొదలయ్యాయి. మొన్న గ్యాసు కట్టెయ్యడం మర్చిపోయారు. పోయిన నెల మా చెల్లెలి అల్లుడి పేరు ఎంతకీ గుర్తు రాలేదు. బండి తాళం ఫ్రిజ్ మీద పెట్టి ఇల్లంతా వెతికారు. అవన్నీ నేనూ చేసేవే. కానీ ఆ రోజునుంచి నావి మామూలు మతిమరుపు, ఆయనవి జబ్బు అయిపోయాయి. ఆయన ఏది మర్చిపోతారా అని కాచుకుని కూర్చునేదాన్ని. భయంతోనే చేశాను, కానీ చేసింది పోలీసు పని.

పొద్దున్న తొమ్మిదింటికి మోగేలా ఆయన ఫోన్‌లో అలారం పెట్టాను. అది మోగాక ఆపేసి, మోటారు దగ్గర నిలబడి, నీళ్ళు పెట్టాక మోగిందా, పెట్టకముందు మోగిందా అని ఆలోచించేవారట. మళ్ళీ ఒకసారి పెట్టేవారట. ఆ ఆదివారం చర్చి అయ్యాక పాస్టరుగారిని పక్కకి పిలిచి, ఎన్నో ఏళ్ళుగా తన దగ్గరుంటున్న చర్చి తాళాలు చేతిలో పెట్టేశారు. ఒంట్లో బాగుండట్లేదన్నారు. ఇంటికొచ్చి మోపెడ్ మీద గుడ్డ కప్పేశారు. నాలుగోది కూడా పోతే ఈ స్థలం ఎవరికైనా ఇచ్చేద్దాం, మతి ఉండగానే సంతకాలు పెట్టేస్తానన్నారు. కాకినాడలో ఒక డాక్టరుగారి దగ్గర పరీక్షలకి రోజు తీసుకున్నాం. ఇంకా రెండు వారాలుంది.

నాకు ఏడుపొస్తే ముందు కోపం వస్తుంది. ఆ కోపం ఎవరిమీదో ఒకరిమీద చూపించాలి. ఒక శనివారం ఒంటిపూట బడి అవగానే బస్సెక్కి ఆ నర్సరీకి వెళ్ళాను. రోగిష్టి మొక్కలు అంటగట్టారని గట్టిగానే అరిచాను. షెడ్డు కింద నలుగురు ఆడవాళ్ళు కవర్లలో మట్టి నింపుతున్నారు. అందులో నా వయసావిడ ఒకామె, చెయ్యి ఆపకుండానే, మీది ఏ నేలండి అని అడిగింది. నల్లమట్టి అన్నాను. ముద్ద విప్పి పెట్టారా అంది. ఎందుకు విప్పుతాం, గీత పడకుండా పెట్టామన్నాను, గర్వంగానే. ఆవిడ చెయ్యి ఆపింది.

"అదేనండి మరి. నల్లమట్టిలో ముద్ద ముద్దలాగే దింపేస్తే అది లోపలే ఎండిపోద్దండి."

చుట్టూ బురద ఉంటే ముద్ద ఎందుకు ఎండుతుందన్నాను. ఆవిడ లేచి, మూల పారేసిన ఎండుమొక్క ఒకటి తెచ్చి, ముద్దని నీళ్ళ గాబులో వేసింది. అది తేలింది. చేత్తో కాసేపు అడుగుకి నొక్కి పట్టి, బయటికి తీసి విరిచింది. పైన అంగుళం మేర నల్లగా తడిసింది. మధ్యలో ఎర్రటి పొడి.

కొబ్బరి పొట్టు ఒకసారి పూర్తిగా ఎండిందంటే మళ్ళీ మామూలుగా పోసే నీళ్ళు తాగదని చెప్పింది. పాదులో పోసిన నీళ్ళు ముద్ద పక్కనుంచి జారి నల్లమట్టిలోకి పోతాయట. పైగా నల్లమట్టి ముద్దలో మిగిలిన తడిని కూడా తనవైపు లాక్కుంటుందట. వేళ్ళేమో ఇంకా ముద్ద దాటి బయటికి రాలేదు. ఇదంతా చెప్పి మళ్ళీ కవర్లు నింపుకుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. నేను ఏటా ఎనిమిదో తరగతికి మట్టి పాఠం చెబుతాను. అడుగున చిల్లులు పెట్టిన రెండు డబ్బాలు, ఒకదాంట్లో ఇసక, ఒకదాంట్లో బంకమట్టి. రెండింట్లో ఒకే కొలత నీళ్ళు పోసి కిందికి ఎన్ని దిగాయో చూపిస్తాను. ఇసకలోంచి గబగబా దిగిపోతాయి. బంకమట్టి పట్టి ఉంచుకుంటుంది. కాబట్టి పిల్లలూ, బంకమట్టికి నీటిని నిలుపుకునే గుణం ఎక్కువ అని బోర్డు మీద రాసి, డస్టర్ తట్టి, బెల్లు కొట్టగానే వెళ్ళిపోతాను. పట్టి ఉంచుకున్న ఆ నీళ్ళు మొక్కకి ఇస్తుందా లేదా అన్నది ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు. రేణువు ఎంత సన్నగా ఉంటే నీటిని అంత గట్టిగా పట్టుకుంటుందని నాకు తెలుసు. పరీక్షలో రాస్తే మార్కులు కూడా వేశాను. సన్నటి మట్టి పక్కన ముతక మట్టి ఉంటే నీళ్ళు ఎటు పోతాయో ఆ తెలివితో ఊహించలేకపోయాను. మా నల్లమట్టీ బంకమట్టే. పోసిన బోరు నీళ్ళన్నీ అదే పట్టుకుంది, మొక్కకి ఏమీ మిగల్లేదు.

రామచంద్రపురం దాటాక అసలు సంగతి తట్టింది. ముద్ద అలా ఎండేదే అయితే మా ఆయన నీళ్ళు పెట్టారు. ఫిబ్రవరిలో పెట్టారు, మార్చిలో పెట్టారు, నిన్న కూడా పెట్టారు.

అయినా ఇంటికొచ్చి చెప్పలేదు. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆవిడ చెప్పింది మాటే కదా, కళ్ళతో చూడందే ఆయనకి ఆశ పెట్టకూడదు అనుకున్నాను. ఆయనకోసమే అనుకున్నాను కానీ రుజువు కావలసింది నాకు. ఆ సాయంత్రం బోదె కట్టేసి, రెండు బకెట్ల నీళ్ళు మోసుకెళ్ళి మూడో మొక్క పాదులో పోశాను. మా ఆయన వెనక గుమ్మంలో కూర్చుని చూస్తున్నారు. ఎండిపోయినదానికి ఎందుకు టీచరూ నీళ్ళు అన్నారు. మీరు చూస్తూ ఉండండి అన్నాను. నేను పోశాను, మీరు చూశారు, గుర్తుంచుకోండి అన్నాను. గుర్తుంచుకోండి అనగానే ఆయన తల వంచుకున్నారు. ఆ మాట ఎందుకన్నానా అని రాత్రంతా నన్ను నేను తిట్టుకున్నాను.

మర్నాడు ఆదివారం. చర్చికి వెళ్ళేముందు గునపం, పార తీసుకుని ఇద్దరం పెరట్లోకి వెళ్ళాం. పాదులో నీళ్ళు ఇంకిపోయాయి కానీ నేల మెత్తగా ఉంది. ఆయన చుట్టూ గాడి తీశారు. నల్లమట్టి పెళ్ళలు పెళ్ళలుగా వచ్చింది, కోసినచోట తడికి మెరుస్తోంది. మధ్యలో ఎర్రముద్ద కవరు ఆకారంలోనే, మేము దింపినది దింపినట్టే ఉంది. మూడు నెలల్లో ఒక్క వేరు కూడా ముద్ద దాటి రాలేదు. పైకి తీసి ఆయన చేతిలో పెట్టి, విరవండి అన్నాను.

విరిచారు. పొడి ఆయన వేళ్ళ సందుల్లోంచి రాలింది. ఒక చేతిలో పొడి పట్టుకుని, రెండో చేత్తో గోతి పక్కనున్న నల్లమట్టి తీసి పిసికారు. అది వేళ్ళకి అంటుకుంది. రెండు చేతులవైపూ మార్చి మార్చి చూశారు. నర్సరీలో ఆవిడ చెప్పినదంతా అప్పుడు చెప్పాను. ఆయన విన్నారో లేదో తెలియదు.

"నిన్న నువ్వు పోశావు. నేను చూశాను" అన్నారు.

"పోశానండి."

"అయితే నేనూ పోశాను."

"రోజూ పోశారండి."

ఆయన గట్టుమీద కూర్చుండిపోయారు. ఆ వేళ మేము చర్చికి వెళ్ళలేదు.

మధ్యాహ్నం నాలుగో మొక్కని బయటికి తీశాం. దానికింకా పచ్చ ఉంది. గాబులో ముంచి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచాం. ముద్దకి నిలువుగా నాలుగు గాట్లు పెట్టి, అడుగున చుట్టలు చుట్టుకున్న వేళ్ళు విప్పింది ఈసారి ఆయనే. నేను పక్కన నిలబడి నోరు మూసుకున్నాను, అది నాకు అలవాటు లేని పని. గొయ్యి వెడల్పు చేసి, నల్లమట్టిలో గోదారి ఇసకా పశువుల ఎరువూ కలిపి, ముద్దకీ నేలకీ మధ్య గోడలా గీత లేకుండా నింపాం. పైన వరిగడ్డి పరిచాం. బోదె పూడ్చేశారు. ఆ నెలలోనే కాలువలు కట్టేశారు, పక్క చేను కోతకొచ్చి నేల నెర్రెలిచ్చింది. ఆయన మాత్రం పొద్దున ఒకసారి, చల్లబడ్డాక ఒకసారి, ఒక చెంబుతో మొదట్లోనే సన్నటి ధారగా పోసేవారు. ఒక్క చెంబు పోయడానికి ఎంతసేపు పట్టేదంటే, నేను లోపల కాఫీ కలిపి తెచ్చేదాకా అక్కడే వంగి ఉండేవారు.

కాకినాడ కూడా వెళ్ళాం. డాక్టరుగారు పరీక్షలన్నీ చేసి, వయసుకి తగ్గ మతిమరుపే, భయపడాల్సిందేమీ లేదు, ఏడాదికోసారి చూపించుకోండి అన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన నిద్రపోయారు. ఎన్నో వారాల తర్వాత అలా ఆదమరిచి నిద్రపోవడం చూశాను.

జూన్‌లో, ఇంకా వానలు మొదలవకముందే, మొక్క చివర రాగిరంగు చిగుళ్ళు వేసింది. పొద్దున్నే కేకేసి పిలిచారు. వెళ్ళి పక్కన గొంతుక్కూర్చున్నాను. ఆయన చెంబు వంచి నీళ్ళు పోస్తూ ఉన్నారు. నీళ్ళు నిలబడకుండా, పక్కకి పోకుండా, పోసినవి పోసినట్టే దిగుతున్నాయి. చాలాసేపు ఇద్దరం అదే చూశాం. చెంబు ఖాళీ అయ్యాక, నావైపు చూడకుండానే అన్నారు.

"నువ్వు కూడా నమ్మేశావు కదా టీచరూ."

అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆ మాట ముందన్నది మీరే కదా అనొచ్చు, బావగారిని చూసినవాళ్ళకి భయం వెయ్యదా అనొచ్చు. ఇవన్నీ నిజాలే. ముప్పై ఏళ్ళు ఒకే కంచం దగ్గర కూర్చున్న మనిషి తన మీద తనకే అనుమానమని చెప్పుకుంటే, లేదు, మీరు పోసి ఉంటారు, ముందు మట్టిని చూద్దాం అనాల్సింది నేను. మట్టి చదువుకున్నదాన్ని నేనే. అనలేదు.

"నమ్మానండి" అన్నాను.

ఆయన తల ఊపి, ఖాళీ చెంబు నా చేతికిచ్చారు. నేను వెళ్ళి నింపుకొచ్చాను.